సబ్బు ముందు, వేన్నీళ్ళు చివర

నాలుగేళ్ళు నిండగానే పిల్లలు "నేనే పోసుకుంటా" అంటూ మగ్గు లాక్కుంటారు. పొద్దున ఏడింటికి స్కూలు వ్యాను వీధి చివర హారన్ కొట్టే ఇంట్లో ఆ మాట వరంలా వినిపిస్తుంది. పిల్లను బాత్రూంలోకి పంపి, గీజరు పంపు తిప్పి, తలుపు దగ్గరగా వేసి అమ్మ దోశ తిరగేయడానికి వంటింట్లోకి పరిగెత్తుతుంది. రెండేళ్ళు గడిచినా అదే పిల్లకు సబ్బు మాత్రం అమ్మే రుద్దుతూ ఉంటుంది, "దానికి సరిగ్గా రాదు" అని. బెజవాడ, గుంటూరు ఇళ్ళల్లో తరచూ కనిపించే తీరు ఇదే. ప్రమాదం ఉన్న పని ముందుగా పిల్లల చేతికి పోతోంది. ప్రమాదం లేని పని పెద్దవాళ్ళ చేతిలో ఉండిపోతోంది. ఈ వరసను తిరగేయాలి.

స్నానం ఒక్క పని కాదు. నీళ్ళు కలపడం, ఒంటి మీద పోసుకోవడం, సబ్బు రుద్దుకోవడం, నురగ పోయేలా కడుక్కోవడం, తల రుద్దుకోవడం, తడి నేల మీద జారకుండా బయటికి రావడం, తుడుచుకోవడం అన్నీ వేరువేరు పనులు. ఒక్కోదానికి ఒక్కో వయసు. మూడేళ్ళ పిల్లాడు పొట్టకు, చేతులకు సబ్బు రాసుకోగలడు. నాలుగైదేళ్ళకు ఒళ్ళంతా రుద్దుకోగలడు, పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. ఆరేళ్ళు నిండేదాకా నీళ్ళ దగ్గర ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఫోను మోగినా, కుక్కరు కూత పెట్టినా అంతే. ఏడెనిమిదేళ్ళకు తనంతట తాను స్నానం ముగించగలడు, పెద్దవాళ్ళు పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే చాలు. తలస్నానం ఎనిమిదికీ పదికీ మధ్య వస్తుంది. గీజరు పంపు జోలికి తొమ్మిది, పదేళ్ళ దాకా పోనివ్వకూడదు. వయసులు ఒక ఏడాది అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మారదు.

ఆఖరి పని మొదట

పిల్లలకు ఏ పనైనా మొదటి మెట్టు నుంచి నేర్పడం మనకు అలవాటు. స్నానం దగ్గర ఇది బెడిసికొడుతుంది. నీళ్ళు పోసుకోవడం పిల్ల మొదలుపెడుతుంది, మధ్యలో టైమైపోతోందని అమ్మ మగ్గు లాక్కుని మిగతాది పూర్తి చేస్తుంది. పిల్లకు ప్రతిరోజూ మిగిలేది తన చేతిలోంచి పని పోయిందన్న ఉక్రోషం. అందుకే చివరి పని ముందు నేర్పండి. మొత్తం స్నానం మీరే చేయించి, ఆఖరిది మాత్రం తనకు వదిలేయండి. "అయిపోయింది" అని అరిచే సంతోషం తనదవుతుంది. అది కుదిరాక దానికి ముందుది, తర్వాత ఇంకా ముందుది. ఒక్కో మెట్టుకు వారం పదిరోజులు పట్టినా తొందరపడొద్దు.

ఆ ఆఖరి పని బకెట్ బోర్లించడం. చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ, ఇంట్లో ప్రాణం కాపాడే అలవాటు ఇదొక్కటే అయినా తప్పులేదు.

పాకే వయసు నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు ఒంట్లో తల బరువు ఎక్కువ. బకెట్ అంచు పట్టుకుని నిలబడి లోపలికి తొంగిచూస్తే బరువు ముందుకు పడి తలకిందులుగా జారుతారు. చేతులతో తోసుకుని తల పైకెత్తే బలం వాళ్ళకుండదు. పదిహేను లీటర్ల నీళ్ళున్న బకెట్ పదిహేను కిలోల బరువుతో కదలకుండా నిలబడుతుంది, బోర్లా పడి నీళ్ళు ఒలికిపోదు. ముక్కూ నోరూ మునగడానికి రెండు మూడు అంగుళాల నీళ్ళు చాలు. ఏడుపు వినిపించదు, చప్పుడు రాదు, రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆరేళ్ళ అక్క స్నానం నేర్చుకుంటుంటే ప్రమాదం అక్కకంటే పాకే తమ్ముడికి ఎక్కువ. అక్క సగం బకెట్ వదిలేసి, తలుపు తెరిచి, తువ్వాలు చుట్టుకుని బయటికి ఉరుకుతుంది. వెనకే వాడు లోపలికి పాకుతాడు. అందుకే బకెట్ బోర్లించి, దాని మీద మగ్గు బోర్లించి, తలుపు వేసి వస్తేనే స్నానం అయినట్టు. ఈ మూడూ మూడేళ్ళ పిల్లలు కూడా చేస్తారు, గర్వంగా చేస్తారు. మిగిలిన నీళ్ళు ఎక్కువుంటే ఒలకబోసేది మాత్రం పెద్దవాళ్ళే.

విజయవాడలో కొండ వాలు మీద ఇళ్ళున్నవాళ్ళు, పంపు వచ్చినప్పుడే నీళ్ళు పట్టి డ్రమ్ముల్లో నింపుకుంటారు. వాళ్ళను బోర్లించమంటే కుదరదు. డ్రమ్ముకు బిగుసుకునే మూత, దాని మీద పిల్లలు కదపలేని బరువు, స్నానాలగది తలుపుకు బయట ఎత్తులో గొళ్ళెం ఉండాలి. అపార్ట్‌మెంట్ల కింద సంపు మూత సంగతీ ఇంతే. నీళ్ళ ట్యాంకరు వచ్చి వెళ్ళాక మూత సగం తెరిచి ఉంటే వాచ్‌మన్ చూస్తాడులే అని ఊరుకోకండి.

వేడి లెక్క

పిల్లల ఒంటికి 37, 38 డిగ్రీల నీళ్ళు హాయిగా ఉంటాయి. 49 డిగ్రీల దగ్గర పెద్దవాళ్ళ చర్మం లోతుగా కాలడానికి ఐదు నిమిషాలు పడుతుంది. 54 దగ్గర అరనిమిషం. 60 దగ్గర ఐదారు సెకన్లు. 66 దగ్గర రెండే సెకన్లు. పిల్లల చర్మం పల్చన కాబట్టి వాళ్ళకు ఇంకా తక్కువ టైము సరిపోతుంది. మన గీజర్లు చాలావాటిని 60కో అంతకంటే పైకో పెట్టి వాడుతుంటాం. పెద్దవాళ్ళం "అబ్బా" అని చెయ్యి లాక్కునే లోపు పిల్లలకు బొబ్బ లేస్తుంది. వాళ్ళు వెనక్కి లాక్కోవడం కూడా ఆలస్యంగా చేస్తారు. ముందు బెదిరి బిగుసుకుపోతారు.

గీజరుకు బయట తిప్పే బిళ్ళ ఉంటే 50 దగ్గరికి తగ్గించండి. లోపల ఉంటే మెకానిక్ వచ్చినప్పుడు పెట్టించుకోండి. గీజరు స్విచ్చి ఆపితే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. ఆపితే కరెంటు భయం తగ్గుతుంది. లోపల నిలవున్న పదిహేను లీటర్లు గంటల తరబడి కాలుతూనే ఉంటాయి. ఇన్‌స్టంట్ గీజరుతో ఇంకో చిక్కు. పంపు కట్టేసి మళ్ళీ తిప్పితే మొదట వచ్చే నీళ్ళు అంతకుముందు వచ్చినవాటికంటే వేడిగా ఉంటాయి. "ఇందాక చూశానుగా" అని మగ్గు నేరుగా దాని కింద పెట్టి పిల్లకు పోయకూడదు. వేడి పంపుకు ఎర్ర టేపు చుట్టండి. ఎర్రది అమ్మానాన్నలదని ఒక్కసారి చెబితే నాలుగేళ్ళ పిల్లలు బాగా గుర్తుపెట్టుకుంటారు.

బకెట్లో చన్నీళ్ళు ముందు పోయాలి, వేన్నీళ్ళు తర్వాత. ఎప్పుడూ ఇదే వరస. వేన్నీళ్ళు ముందు పట్టి చన్నీళ్ళ కోసం చూస్తున్న ఆ అరనిమిషంలోనే పిల్లలు చెయ్యో కాలో పెట్టేస్తారు. ఎంత కలపాలో ఉజ్జాయింపు లెక్క ఉంది. మామూలు రోజుల్లో ట్యాంకు నీళ్ళు 28 డిగ్రీలు, గీజరు నీళ్ళు 60 అనుకుంటే, ఒక మగ్గు వేడికి రెండు మగ్గులు చల్లవి. సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున ట్యాంకు నీళ్ళు 22కు దిగితే, మూడు వేడికి నాలుగు చల్లవి. పొయ్యి మీద మరగబెట్టిన నీళ్ళకు ఈ లెక్క పనికిరాదు. మామూలు రోజుల్లో ఒక మగ్గు మరిగిన నీళ్ళకు ఆరు మగ్గులు చల్లవి పట్టాలి, చలిరోజుల్లో నాలుగు. గీజరు అలవాటైన ఇంట్లో కరెంటు పోయిన రోజు, పొయ్యి మీద కాచిన నీళ్ళను గీజరు లెక్కన కలపడమే కొంప ముంచుతుంది. అంతకంటే ముందు, మరిగిన గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని వంటింటి నుంచి బాత్రూందాకా తెచ్చే దారి ఉంది. ఆ దారిలో పిల్లలు కాళ్ళకు అడ్డం పడతారు. మరగనివ్వకండి, గోరువెచ్చకు కాస్త పైన దించేయండి. తెచ్చేటప్పుడు పిల్లను మంచం మీద కూర్చోబెట్టి రండి.

కలిపాక మగ్గుతో అడుగు నుంచి తిప్పాలి. వేడి పైకి తేలుతుంది. పైన వేలు పెట్టి చూస్తే ఒకటి, అడుగున ఇంకొకటి. చూసేది అరచేత్తో కాదు. గిన్నెలు తోమి, పెనాలు పట్టుకుని మొద్దుబారిన అరచేయి అబద్ధం చెబుతుంది. మణికట్టు లోపలి వైపు గానీ మోచెయ్యి గానీ ముంచి పది అంకెలు లెక్కపెట్టండి. వేడిగానూ చల్లగానూ అనిపించకపోతే అది పిల్లల నీళ్ళు.

హీటర్ రాడ్డు వాడే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. 1500 వాట్ల రాడ్డు పదిహేను లీటర్ల బకెట్‌ను నిమిషానికి దాదాపు డిగ్రీన్నర చొప్పున వేడెక్కిస్తుంది. 28 నుంచి 60కి రావడానికి ఇరవైరెండు నిమిషాలు. సీరియల్లో పడి ఇంకో పావుగంట మర్చిపోతే 80 దాటుతుంది. రాడ్డు నీళ్ళలో ఉన్నంతసేపూ పిల్లలు ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు. స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. వైరింగులో స్విచ్చి న్యూట్రల్ తీగకు పడి ఉంటే స్విచ్చి ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది. స్టీలు బకెట్‌లో రాడ్డు వేయొద్దు. కాగాయా లేదా అని నీళ్ళలో వేలు పెట్టి చూసే అలవాటు పెద్దవాళ్ళు పిల్లల ముందు అస్సలు చేయొద్దు, వాళ్ళు చూసిందే చేస్తారు. ఇంటి కరెంటు బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కరెంటు లీకైన క్షణంలో లైను తెంచేది అదే.

గ్యాసు గీజరున్న ఇంట్లో ప్రమాదం వేడి ఒక్కటే కాదు. గాలి ఆడని గదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, వికారం, ఆ వెనకే స్పృహ తప్పడం. గ్యాసు గీజరు బాత్రూం బయటే ఉండాలి, పిల్లలున్న ఇంట్లో దీనికి మినహాయింపు లేదు.

ఇక మన ఎండల సంగతి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో డాబా మీద నల్ల ట్యాంకు, దాన్నుంచి ఎండలో పాకి వచ్చే పైపు ఎంత కాగుతాయో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం దాకా "చల్ల" పంపులోంచి వచ్చే మొదటి నీళ్ళే చుర్రుమంటాయి. వేసవి సెలవుల్లో ఆడి ఆడి మట్టి కొట్టుకొచ్చిన పిల్లల్ని నేరుగా షవరు కింద నిలబెట్టేది సరిగ్గా ఆ టైములోనే. ముందు ఒక బకెట్ వదలండి, అవి చల్లారాక గిన్నెలకో మొక్కలకో వాడుకోవచ్చు. కమోడ్ పక్కన ఉండే చేతి షవరు గొట్టంలో నిలిచిన నీళ్ళు కూడా అంతే వేడిగా ఉంటాయి, దాన్ని ముందు నేల మీద కొట్టి చూశాకే పిల్లలకు వాడండి. మే నెలలో పిల్లల స్నానానికి మంచి నీళ్ళు పొద్దుటి పూట పట్టి నీడలో ఉంచి, మూత వేసిన బకెట్‌వే. మూత మాట మర్చిపోవద్దు.

చేతికి సరిపోయే సరంజామా

పెద్దవాళ్ళ మగ్గు నిండా నీళ్ళు పడితే కిలో, కిలోన్నర బరువు. ఐదేళ్ళ పిల్ల దాన్ని భుజం పైకి ఎత్తలేదు. ఎత్తినా మణికట్టు తిరిగి నీళ్ళు ముఖాన పడతాయి. "దీనికి పోసుకోవడం చేతకాదు" అని మనం తేల్చేస్తాం. తప్పు మగ్గుది. బీసెంట్ రోడ్డులో గానీ గుంటూరు పట్నం బజారులో గానీ అర లీటరు మగ్గు, ఎనిమిది పది లీటర్ల చిన్న బకెట్ దొరుకుతాయి. లేదంటే ఇంట్లో ఉన్న చిన్న స్టీలు చెంబు చాలు. ఒక లీటరు మంచినీళ్ళ సీసాతో ఎనిమిది సార్లు పోసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ బకెట్ లోపల గోళ్ళరంగుతో గీత గీయండి. తలస్నానం లేని రోజున పిల్లలకు ఆ గీత చాలు.

వంద గ్రాముల సబ్బును నాలుగు ముక్కలు కోయండి. పెద్ద సబ్బు చిన్న చేతిలోంచి జారుతుంది, తీసుకోవడానికి వంగుతారు, వంగి లేచేటప్పుడు దాని మీదే కాలేస్తారు. బాత్రూంలో పిల్లలు పడేది చాలాసార్లు ఇలాగే. సబ్బు ముక్కను పాత సాక్సులో వేసి ముడి వేస్తే జారదు, అదే పీచులా పనికొస్తుంది. గట్టి కొబ్బరి పీచు పిల్లల ఒంటికి వద్దు. వేసవిలో చెమటపొక్కులున్నప్పుడు అసలే వద్దు. స్వేద రంధ్రాలు మూసుకుని లేచిన పొక్కులవి, రుద్దితే చిట్లి పుండవుతాయి.

బోరునీళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. కృష్ణ నీళ్ళు రాని అపార్ట్‌మెంట్లలో బోరే దిక్కు. ఆ నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురగకు బదులు తెల్లటి జిడ్డు కడతాయి. పిల్ల "నురగ రాలేదమ్మా" అని ఇంకా రుద్దుతుంది. ఆ జిడ్డు కడిగినా సరిగ్గా పోదు, దురద మొదలవుతుంది. చర్మం పొడిబారిందని పౌడరు కొడతాం, ఇంకా దురద. కఠినమైన నీళ్ళకు సబ్బు కంటే లిక్విడ్ బాడీవాష్ నయం, ఒక్క నొక్కుకు వచ్చేది చాలు. పౌడరు వాడాలనుకుంటే మీ అరచేతిలో వేసుకుని రాయండి, పిల్లల ముఖం దగ్గర డబ్బా దులపొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బోరునీళ్ళ మరకలు వదిలించడానికి తోపుడుబండి మీద యాసిడ్ కొంటాం. అది మంచినీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి ఇస్తారు. అలాంటి సీసా బాత్రూం మూలన ఉన్నంతకాలం పిల్లను ఒంటరిగా లోపలికి పంపే మాటే ఎత్తొద్దు.

ఒళ్ళు రుద్దుకునే దారి

పీట గానీ కాళ్ళు జారని ప్లాస్టిక్ స్టూలు గానీ వేసి కూర్చోబెట్టండి. నిలబడి పోసుకోవడం ఏడేళ్ళ తర్వాత. మొదటి మగ్గు ఎప్పుడూ పాదాల మీద పోసుకోవాలి. పెద్దలు చెప్పే ఈ పద్ధతిలో గొప్ప సుగుణం ఉంది. నీళ్ళు కాలితే పాదానికి తెలుస్తుంది, ఛాతీ బతికిపోతుంది. తర్వాత మోకాళ్ళు, ఆపైన భుజాలు.

సబ్బు పైనుంచి కిందికి రుద్దుకోవాలి. మెడ, చెవుల వెనక, చంకలు, పొట్ట, బొడ్డు, వీపు, గజ్జలు, తొడలు, మోకాలి వెనక, కాలివేళ్ళ సందులు. పిల్లలు పొట్ట మీదే పదిసార్లు రుద్ది అయిపోయిందంటారు, ఎందుకంటే కనిపించేది అదే. కనిపించని చోట్లే మర్చిపోతారు. "చెవి వెనక్కి వెళ్ళావా? మోకాలి వెనక్కి?" అని ఊళ్ళ పేర్లు అడిగినట్టు అడగండి. మంగళగిరి దాటకుండా గుంటూరు ఎలా వస్తుందని అడిగితే పిల్లలు నవ్వుతూ వెనక్కి వెళ్ళి రుద్దుకుంటారు. వీపుకు సాక్సు రెండు చివరలు పట్టుకుని లాగడం ఏడేళ్ళకు వస్తుంది, అప్పటిదాకా వీపు మీది.

మూత్రం పోసుకునే చోటు గురించి చాలామంది చెప్పకుండా దాటేస్తారు, లేదంటే అతిగా కడుగుతారు. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం నేర్పాలి. వెనక నుంచి ముందుకు తెస్తే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి చేరతాయి. బయటివైపు నీళ్ళతో కడిగితే చాలు, లోపలికి సబ్బు పోనివ్వకూడదు, మంట పుడుతుంది. మగపిల్లల్లో ముందరి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు. అది దానంతటది వదులయ్యేది కొందరికి మూడు నాలుగేళ్ళకు, కొందరికి పదేళ్ళు దాటాక. "శుభ్రం చేయాలి" అని లాగితే చిరిగి, మచ్చ కట్టి, అప్పుడు నిజంగానే బిగుసుకుపోతుంది. వదులయ్యేదాకా పైపైన కడిగితే చాలు.

ఆ చోట్ల పేర్లు పిల్లలకు సిగ్గు లేకుండా చెప్పే అదును కూడా ఇదే. సబ్బు తన చేతికిచ్చి "ఇక్కడ నువ్వే రుద్దుకోవాలి, ఇది నీది, ఇంకెవరూ తాకకూడదు" అనండి. అవసరమై అమ్మో నాన్నో నాయనమ్మో కడగాల్సి వచ్చినా అడిగే కడుగుతారని, డాక్టరు చూసినా అమ్మానాన్నల ముందే చూస్తారని చెప్పండి. ఎవరైనా తాకి "ఎవరికీ చెప్పొద్దు" అంటే ఆ మాటే మొదట మీకు చెప్పాలని కూడా. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం పిల్లల పక్షాన ఉంది. పిల్లల సహాయ నంబరు 1098. సబ్బును ముందుగా అప్పగించాలనడానికి ఇంకో కారణం కూడా ఇదే. తన ఒంటిని తాను కడుక్కునే పిల్లకు ఇతరుల చెయ్యి పడినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది.

కడుక్కోవడానికి లెక్క పెట్టండి. చిన్న మగ్గుతో ముందు మూడు, వెనక మూడు, ఒక్కో కాలికి ఒకటి. ఎనిమిది మగ్గులు, నాలుగు లీటర్లు. లెక్క ఉంటే నీళ్ళాట తగ్గుతుంది, నురగ మిగలదు. తుడుచుకునేటప్పుడు కాలివేళ్ళ సందులు, చంకలు, గజ్జలు అద్దుకోవాలి. వానాకాలంలో ఈ సందులు తడిగా ఉండి బూట్లెక్కితే ఒరిసి, పాసి, దురద పెడతాయి. చెవుల్లో పుల్లలు, దూదిపుల్లలు పెట్టొద్దు. తల ఒకవైపు వంచితే నీళ్ళు అవే వస్తాయి.

తలంటు

తలంటు రోజున స్నానం పిల్లలది కాదు, పెద్దవాళ్ళది. నూనె ఒంటి నుంచి నేలకు కారుతుంది, సబ్బు నురగతో కలుస్తుంది, టైల్సు అద్దంలా అవుతాయి. వాటి మీద పిల్లలే కాదు, తలంటు పోసే అమ్మమ్మ కూడా జారుతుంది. నూనె బాత్రూం బయట రాయండి. కింద పీల్చే బుడిపెలున్న రబ్బరు చాప వేయండి. అయ్యాక బట్టల పౌడరు చల్లి చీపురుతో రుద్ది కడిగేయండి, లేదంటే మధ్యాహ్నం ఇంకొకరు పడతారు. సున్నిపిండితో రుద్దినా నేల జారుతుంది, పైగా జాలీలో పేరుకుని నీళ్ళు నిలుస్తాయి.

కుంకుడుకాయ రసం వాడేవాళ్ళు పల్చగా తీయండి, గుడ్డలో వడకట్టండి. అందులో నురగ పుట్టించే సాపోనిన్లు కంట్లో పడితే నిప్పులా మండిస్తాయి. పడితే మామూలు మంచినీళ్ళతో పావుగంట పాటు కన్ను కడుగుతూనే ఉండాలి, నలపనివ్వకూడదు. ఆ తర్వాతా ఎర్రదనం, నొప్పి ఉంటే కంటి డాక్టరు దగ్గరికి. షాంపూ అయితే ఐదారేళ్ళ పిల్లలకు ఒక టీస్పూను చాలు.

తల మీద నీళ్ళంటే ఏడ్చే పిల్లలకు నీళ్ళంటే భయం కాదు, ముఖం మీదికి కారే నీళ్ళతో ఊపిరి ఆడదేమోనని భయం. కళ్ళు మూసుకుని తల కిందికి వంచమంటాం. అప్పుడు నీళ్ళన్నీ ముక్కులోకే వస్తాయి. తల వెనక్కి వాల్చాలి. ఎదుటి గోడ మీద, కప్పుకు జానెడు కింద ఒక బొమ్మ అంటించి దాన్ని చూడమనండి. గడ్డం దానంతట లేస్తుంది, నీళ్ళు వీపు మీదికి జారతాయి. చిన్న తువ్వాలు మడతపెట్టి తన చేత్తోనే కళ్ళ మీద పట్టుకోమంటే ధైర్యం ఇంకాస్త వస్తుంది. తల రుద్దుకోవడం ముందు నేర్పి, తల మీద పోసుకోవడం ఏడాది తర్వాత అప్పగించండి. జడ పొడుగున్న ఆడపిల్లలకు పదేళ్ళు దాటినా సాయం కావాలి. ఆరబెట్టడానికి సాంబ్రాణి వేస్తే నిప్పుల గిన్నె పిల్లల చేతికి అందనంత దూరంలో ఉండాలి.

తలుపు

పిల్లలు తలుపు వేసుకుంటామనేది ఆరేడేళ్ళకు. సిగ్గు తెలుస్తోందన్నమాట, గౌరవించాల్సిందే. కానీ గడియ వేరు, తలుపు వేరు. తడికి తుప్పుపట్టిన గడియను లోపల బలంగా తోసి వేయగలరు, తీయలేరు. కింది గడియ ఊడదీయించి పెద్దవాళ్ళ ఎత్తున పెట్టించండి. తువ్వాలును తలుపు పైఅంచున వేలాడేస్తే తలుపు పూర్తిగా మూసుకోదు, వేళ్ళు నలగవు, లోపల ఏముందో కనపడదు. మీరు బయట స్టూలేసుకుని కూరగాయలు తరుక్కోండి, మధ్యమధ్య మాట కలపండి. మగ్గు చప్పుడు, పాట, గొణుగుడు వినిపిస్తుంటే ఫరవాలేదు. నిశ్శబ్దమైతే అడగకుండా లేచి వెళ్ళాలి. ఫిట్సు వచ్చే పిల్లలకు ఏ వయసులోనూ గడియ లేదు, టబ్బు లేదు. మగ్గుతోనే, కూర్చునే, ఒకరు దగ్గరుండగానే.

ఇంట్లో అమ్మ ఒకటి, నాయనమ్మ ఒకటి చెబితే పిల్లలు తేలికైనదే వింటారు. ఏడేళ్ళ మనవడికి నాయనమ్మ ఇంకా తానే పోస్తానంటే కాదనకుండా ఆమెను వీపుకు, తలకు ఉంచండి. మిగతాది వాడు చేస్తుంటే చూసి మెచ్చుకునేది కూడా ఆమే.

ఒకవేళ కాలితే

ముందు కాలిన చోట బట్ట, మొలతాడు, గాజులు, కడియాలు తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం పీకొద్దు. పంపు కింద చల్లని నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పోయండి. ఇరవై అంటే గడియారం చూసి ఇరవై. మిగతా ఒంటికి పొడిగుడ్డ కప్పండి, చిన్నపిల్లలు చలికి వణుకుతారు. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఇడ్లీ పిండి ఏదీ పూయొద్దు. పూతలు వేడిని లోపలే ఆపేస్తాయి, డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్లల అరచేతికంటే పెద్దగా కాలినా, ముఖం, చేతులు, పాదాలు, గజ్జల్లో కాలినా, బొబ్బలు లేచినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.

నీళ్ళలో మునిగిన పిల్లను బయటికి తీశాక కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం చేయకూడదు. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదడం, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 108కి ఇంకొకరు ఫోను చేయాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, చేతితో నేర్చుకునేది. నేర్పే చోటు దొరికితే ఒక పూట కేటాయించండి.

బాత్రూం నుంచి కృష్ణ దాకా

ఇంట్లో తనంతట తాను పోసుకునే పిల్ల తనకు నీళ్ళు తెలుసనుకుంటుంది. కార్తీకమాసంలో దుర్గా ఘాట్‌కో సీతానగరానికో అమరావతికో తీసుకెళ్ళినప్పుడు చెయ్యి విడిపించుకునేది అలాంటి పిల్లే. బకెట్ నీళ్ళు కదలవు. నది లాగుతుంది. ప్రకాశం బ్యారేజీ దిగువన గేట్లెత్తినప్పుడు నీటిమట్టం చూస్తుండగానే మారుతుంది. మెట్ల మీద పాకుడు పడుతుంది, నీళ్ళ కింద ఆఖరి మెట్టు ఎక్కడ ముగుస్తుందో పైనుంచి కనపడదు. 2016 కృష్ణా పుష్కరాల్లోలాగే 2028లోనూ ఘాట్లు కిటకిటలాడతాయి. ఇప్పుడు నాలుగైదేళ్ళున్న పిల్లలు అప్పటికి "నేనే దిగుతా" అనే వయసులో ఉంటారు. పెద్దవాళ్ళు పిల్ల కంటే లోతు వైపు, ప్రవాహానికి కింది వైపు నిలబడాలి, ఒడ్డున కాదు. నీళ్ళు పిల్ల మోకాళ్ళు దాటకూడదు, గొలుసో కడ్డీయో ఒక చేతికి అందాలి. పదేళ్ళ లోపు వాళ్ళను తడవని మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో మూడుసార్లు పోస్తే చాలు, మునక అక్కర్లేదు. సంకల్పం చెప్పే పంతులుగారు కూడా కాదనరు.